8 జీబీ ల్యాప్‌టాప్, రోజుకి 2 జీబీ డేటా: వెబ్ డెవలప్‌మెంట్‌కి వర్చువల్ మెషీన్ సెటప్ చేసుకోవడం ఎలా?

"నా ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తాందన్నా, ఆడ పెడితేనే రావడం లేదు."

పోయిన సంక్రాంతికి రాప్తాడు వెళ్తే, నేను బ్యాగు కింద పెట్టకముందే మా చిన్నాన్న కొడుకు చెప్పిన మాట ఇది. వాడిది బీటెక్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు ఏంటంటే, ఒకే బోరు మీద నడిచే చేలకి ఏ రోజు ఎవరి వంతు అని రాసుకునే చిన్న వెబ్‌సైట్. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మాదీ ఒకటి కాబట్టి ఆ వంతుల లెక్క తమాషా విషయం కాదు. విండోస్‌లో జాంప్ వేసుకుని, పీహెచ్‌పీలో రాశాడు. అంతా పనిచేస్తోంది. రివ్యూకి రెండు రోజుల ముందు లినక్స్ హోస్టింగ్‌లోకి ఎక్కిస్తే లోగో మాయం. లాగిన్ అయితే అసలు ఆ టేబులే లేదంటోంది.

కారణం చాలా చిన్నది. లోగో ఫైలు పేరు పెద్ద ఎల్‌తో ఉంది, కోడ్‌లో చిన్న ఎల్‌తో రాశాడు. విండోస్ రెండిటినీ ఒకటే అనుకుంటుంది, లినక్స్ అనుకోదు. డేటాబేస్ టేబుల్ పేర్ల సంగతీ అంతే. వాడి కోడ్ విండోస్‌లో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ తప్పు బయటపడదు. సర్వర్ లాంటి మెషీన్ మన చేతిలో ఉంటే మొదటి రోజే దొరికేది.

ఆ మెషీన్ కోసం డబ్బులు పెట్టక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకోవచ్చు. అంటే విండోస్ లోపల ఒక సాఫ్ట్‌వేర్ కిటికీలో నడిచే ఇంకో కంప్యూటర్. దానికి సొంత డిస్కు, సొంత ర్యామ్, సొంత ఆపరేటింగ్ సిస్టమ్. ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో పెద్ద కంప్యూటర్ల మీద ఇదే పని చేసింది. మనకిప్పుడు అది ఇంట్లోకి వచ్చింది, అంతే.

డ్యూయల్ బూట్ చేసుకోవచ్చు కదా అంటారా? ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. చెల్లెలు కూడా దాని మీదే చదువుకుంటోంది. పార్టిషన్ దగ్గర ఒక్క తప్పు క్లిక్ పడితే ఇద్దరి పనీ పోతుంది. వర్చువల్ మెషీన్ అయితే మొత్తం ఒక ఫోల్డర్. పాడైతే డిలీట్ చేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

డబ్ల్యూఎస్ఎల్ 2 సంగతి కూడా చాలామంది అడుగుతారు. అది కూడా లోపల వర్చువల్ మెషీనే, మంచిదే, తేలిగ్గా ఇన్‌స్టాల్ అవుతుంది. కానీ కోడ్‌ని సీ డ్రైవ్‌లోనే ఉంచి అక్కడి నుంచి నడిపితే పైన చెప్పిన పెద్ద ఎల్, చిన్న ఎల్ సమస్య అలాగే దాక్కుని ఉంటుంది. స్నాప్‌షాట్ బటన్ కూడా లేదు. నేర్చుకునేవాళ్ళకి నా ఓటు వర్చువల్‌బాక్స్‌కే. ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఇప్పుడు ఒరాకిల్ చేతిలో ఉంది.

ముందు డేటా లెక్క చూసుకోండి

యూట్యూబ్ వీడియోల్లో అందరూ ఉబుంటు డౌన్‌లోడ్ చేయమంటారు. ఉబుంటు సర్వర్ 24.04 ఫైలే రెండున్నర జీబీ పైన ఉంటుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద ఉన్నవాళ్ళకి అది మధ్యలోనే ఆగిపోతుంది. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్ఓ తీసుకోండి, సుమారు 700-800 ఎంబీలో అయిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంకొన్ని వందల ఎంబీ లాగుతుంది కాబట్టి ఆ రోజు రీల్స్ బంద్. కాలేజీ వైఫై ఉంటే ఇంకా మంచిది.

తర్వాత బయోస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, సీపీయూ దగ్గర చూస్తే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

కొత్త మెషీన్ చేసేటప్పుడు 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 20 జీబీ డిస్కు ఇవ్వండి. డిస్కు డైనమిక్‌గా పెరిగే రకం కాబట్టి 20 జీబీ ఒకేసారి తినేయదు. అయితే పెరిగింది దానంతట అది తగ్గదు, గుర్తుంచుకోండి. 4 జీబీ ల్యాప్‌టాప్ వాళ్ళు 1 జీబీ ఇచ్చినా టెక్స్ట్ మోడ్ డెబియన్ నడుస్తుంది, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు మాత్రం మర్చిపోండి. అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్ వద్దని చెప్పి, మీ చేత్తోనే ఇన్‌స్టాల్ చేయండి.

ఇన్‌స్టాలేషన్‌లో రెండు చోట్ల జాగ్రత్త. రూట్ పాస్‌వర్డ్ అడిగితే ఖాళీగా వదిలేయండి, అప్పుడు మీ యూజర్‌కే సుడో వచ్చేస్తుంది. చివర్లో ఏ సాఫ్ట్‌వేర్ కావాలని అడిగినప్పుడు డెస్క్‌టాప్, గ్నోమ్ టిక్‌లు తీసేసి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కి టిక్ పెట్టండి. సర్వర్‌లో డెస్క్‌టాప్ ఉండదు, మనకీ వద్దు. ఆ తర్వాత అపాచీ లేదా ఎంజిన్ఎక్స్, పీహెచ్‌పీ, మరియాడీబీ వేసుకోవడమే. జాంప్‌లో వచ్చేది కూడా మరియాడీబీనే కాబట్టి కొత్తగా అనిపించదు.

విండో కింద తాబేలు బొమ్మ కనిపిస్తే కంగారు పడకండి. విండోస్ తన సొంత హైపర్-వీని వాడుకుంటోంది, అందుకే వర్చువల్‌బాక్స్ దాని మీద నెమ్మదిగా నడుస్తోందని అర్థం. కోర్ ఐసోలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చేయమని చాలామంది చెప్తారు. టెక్స్ట్ మోడ్ సర్వర్‌కి ఆ తాబేలు వేగం చాలు. ఇంటిల్లిపాదీ వాడే ల్యాప్‌టాప్‌లో సెక్యూరిటీ తగ్గించడం నాకైతే ఇష్టం లేదు.

అందరూ ఇరుక్కునేది నెట్‌వర్క్ దగ్గరే

వర్చువల్‌బాక్స్ మామూలుగా న్యాట్ మోడ్‌లో పెడుతుంది. లోపలి మెషీన్‌కి 10.0.2.15 అనే అడ్రస్ వస్తుంది. లోపలి నుంచి బయటికి ఇంటర్నెట్ వస్తుంది కానీ, బయటి నుంచి లోపలికి దారి ఉండదు. ఆ దారి మనమే తీయాలి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తెరిచి రెండు రూల్స్ రాయండి: హోస్ట్ పోర్ట్ 2222 నుంచి గెస్ట్ పోర్ట్ 22కి, హోస్ట్ పోర్ట్ 8080 నుంచి గెస్ట్ పోర్ట్ 80కి. మొదటి రూల్‌లో హోస్ట్ ఐపీ దగ్గర 127.0.0.1 రాయండి, లేకపోతే మీ హాట్‌స్పాట్‌లో ఉన్న ఎవరైనా మీ ఎస్ఎస్‌హెచ్ తలుపు తట్టొచ్చు. రెండోది ఖాళీగా వదిలేయండి, ఎందుకో చెప్తాను.

ఇప్పుడు విండోస్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8080 తెరిస్తే మీ సైట్ రావాలి. నోడ్ లేదా పైథాన్ డెవలప్‌మెంట్ సర్వర్ వాడేవాళ్ళు గెస్ట్ పోర్ట్ దగ్గర 80 బదులు దాని నంబర్ రాయండి. అయినా రాలేదా? ఆ సర్వర్ లోపల 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. దాన్ని 0.0.0.0 మీద వినమని చెప్పాలి. ఈ ఒక్క లైను తెలియక నేను ఒక రాత్రంతా వర్చువల్‌బాక్స్‌ని తిట్టుకున్నాను.

రెండో రూల్ ఖాళీగా వదలడం ఫోన్ కోసం. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కే ల్యాప్‌టాప్ కనెక్ట్ అయి ఉంటుంది కదా. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూసుకుని, ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్, పక్కన 8080 కొడితే సైట్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. రాకపోతే విండోస్ ఫైర్‌వాల్‌లో వర్చువల్‌బాక్స్‌ని అనుమతించండి. ఇది ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి మధ్య జరిగే మాట కాబట్టి మీ డేటా ప్యాక్‌లోంచి పోదు.

మా తమ్ముడు చేను ఎక్కడుందో ఫోన్ లొకేషన్‌తో గుర్తుపెట్టే బటన్ కూడా పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో అది పనిచేసింది, ఫోన్‌లో పనిచేయలేదు. బగ్ కాదు. హెచ్‌టీటీపీఎస్ లేని మామూలు ఐపీ అడ్రస్‌కి బ్రౌజర్ లొకేషన్, కెమెరా ఇవ్వదు, లోకల్‌హోస్ట్‌కి మాత్రం ఇస్తుంది. కాబట్టి ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కేబుల్‌తో కలిపి, ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిచి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టండి. అప్పుడు ఫోన్‌లోనే లోకల్‌హోస్ట్ 8080 అని కొట్టొచ్చు, లొకేషన్ వస్తుంది.

కోడ్ ఎక్కడ పెట్టాలి?

షేర్డ్ ఫోల్డర్ చూడ్డానికి సుఖంగా ఉంటుంది, కానీ వెబ్ పనికి వద్దు. నోడ్ మాడ్యూల్స్ లాంటి వేల చిన్న ఫైళ్ళతో నత్తనడక నడుస్తుంది. విండోస్‌లో ఫైలు సేవ్ చేసిన సంగతి లోపలి మెషీన్‌కి చేరదు కాబట్టి ఆటో రీలోడ్ కూడా పనిచేయదు. పైగా ఫైళ్ళు విండోస్ డిస్కులోనే ఉంటాయి కాబట్టి పెద్ద ఎల్, చిన్న ఎల్ కథ మళ్ళీ మొదటికి. కోడ్ లోపలే ఉంచి, వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్‌తో పోర్ట్ 2222 ద్వారా లోపలికి వెళ్ళండి. ఎడిటర్ బయట, ఫైళ్ళు లోపల.

అంతా సెట్ అయ్యాక ఒక స్నాప్‌షాట్ తీసుకోండి. రేపు ఏదో ప్యాకేజీ వేసి చెడగొట్టుకున్నా రెండు క్లిక్‌లలో ఈ రోజుకి వెనక్కి రావచ్చు. కానీ స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అదీ అదే డిస్కులో ఉంటుంది, డిస్కు పోతే రెండూ పోతాయి. కోడ్ గిట్‌లో వేరే చోట ఉండాల్సిందే. కరెంటు పోయి బ్యాటరీ ఎర్రగా మారితే సేవ్ స్టేట్ కొట్టి మూసేయండి, ఎక్కడ ఆపారో అక్కడే మళ్ళీ తెరుచుకుంటుంది. డేటాబేస్ రాస్తుండగా ల్యాప్‌టాప్ ఆరిపోవడం మంచిది కాదు.

మధ్యలో ఒక మాట. 2025 మార్చి నుంచి పిక్సెల్ ఫోన్లలో లినక్స్ టెర్మినల్ అనే యాప్ వచ్చింది. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆన్ చేస్తే ఫోన్ లోపలే డెబియన్ వర్చువల్ మెషీన్ నడుస్తుంది. ఆడుకోవడానికి సరదాగా ఉంది, రోజంతా కోడ్ రాయడానికి నేనైతే వాడను.

రివ్యూ సంగతి అడుగుతారేమో. ఫైలు పేర్లు, టేబుల్ పేర్లు అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి, వర్చువల్ మెషీన్‌లో నడిపి చూసుకుని, అప్పుడు హోస్టింగ్‌లోకి ఎక్కించాడు, నడిచింది. ఆ తర్వాత క్లాసులో నలుగురు "మాకూ అదే ఇయ్యప్పా" అన్నారట. దీనికి అందరూ మళ్ళీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయెన్స్ అని కొడితే మొత్తం మెషీన్ ఒకే ఓవీఏ ఫైలుగా వస్తుంది. ఇచ్చే ముందు మీ పాస్‌వర్డ్‌లు, ఎస్ఎస్‌హెచ్ కీలు లోపల లేకుండా చూసుకోండి. ఆ ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు, పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నవి ముందే వేరే చోటికి కాపీ చేసుకుని. ఇంపోర్ట్ చేసుకునేవాళ్ళు కొత్త మ్యాక్ అడ్రస్‌లు తయారుచేయమనే ఆప్షన్ ఎంచుకోవాలి.