కలవని రాష్ట్రాలు... కలిపిన కాలువ!

పులికాట్ సరస్సు మీద పడవలో దక్షిణానికి వెళ్తుంటే ఆంధ్ర ఎక్కడ ముగిసిందో, తమిళనాడు ఎక్కడ మొదలైందో నీళ్లను చూసి చెప్పడం కష్టం. సరస్సులో ఎక్కువ భాగం ఇటుంటే, దాన్ని సముద్రంతో కలిపే పళవేర్కాడు ముఖద్వారం అటుంది. రోడ్డు మీదైతే తడ దాటగానే ఆరంబాకం. బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. కానీ టీకొట్ల దగ్గర రెండు వైపులా రెండు భాషలూ వినిపిస్తాయి.

1953 అక్టోబరు 1 దాకా ఇక్కడ రాష్ట్ర సరిహద్దే లేదు. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. కోర్టు పనైనా, కాలేజీ చదువైనా, పెద్దాసుపత్రైనా... మద్రాసు రైలెక్కాల్సిందే. అలాంటిచోట పడిన సరిహద్దు గీత మీద తడి ఆరకముందే, దక్షిణాదిలో గీతలు చెరిపేద్దామన్న ఆలోచన ఒకటి ఢిల్లీ దాకా వెళ్లింది. దాని పేరు దక్షిణ ప్రదేశ్!

ఆ గాలి అలాంటిది

రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇరుగుపొరుగు దేశాలు ఒక్కటవడం ఓ మోజైంది. 1958లో ఈజిప్టు, సిరియా కలిశాయి, మూడేళ్లకే విడిపోయాయి. అదే ఏడాది కరీబియన్ దీవులు కట్టిన వెస్టిండీస్ సమాఖ్య 1962కల్లా చెదిరింది. 1963లో మలేసియాలో చేరిన సింగపూర్ రెండేళ్లకే బయటికొచ్చింది.

మన దగ్గర వీటికంటే ముందే ఆ ప్రయత్నం జరిగింది. 1955లో ఫజల్ అలీ కమిషన్ నివేదిక వచ్చాక రాష్ట్రాల హద్దుల మీద రగడ మొదలైంది. 1956 జనవరిలో బొంబాయి నగరం అట్టుడికింది. భాషల పేరుతో దేశం ముక్కలవుతుందేమోనని నెహ్రూకు బెంగ. సరిగ్గా ఆ నెలలోనే బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్, బీహార్ ముఖ్యమంత్రి శ్రీకృష్ణ సిన్హా తమ రెండు రాష్ట్రాలనూ కలిపేస్తామన్నారు. ఆ ఊపులోనే దక్షిణాదిన మద్రాసు, మైసూరు, తిరువాన్కూరు-కొచ్చిన్ కలిపి ఒకే రాష్ట్రం చేయాలన్న మాట బలపడింది. రాజాజీ సమర్థించారు. కామరాజ్ మాత్రం ఒప్పుకోలేదు. చిత్రమేమిటంటే, ద్రావిడనాడు కావాలని ఏళ్ల తరబడి అడిగిన పెరియార్ కూడా దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ కలగూరగంపలో తమిళుల గొంతు వినబడదని ఆయన భయం. మలయాళీలు ఐక్య కేరళ కోసం, కన్నడిగులు తమ ఏకీకరణ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. పక్కింటివాళ్లతో ఉమ్మడి కాపురం ఎవరికి కావాలి? కలకత్తా ఉపఎన్నికలో ఓడాక రాయ్ కూడా విలీనం మాట వెనక్కి తీసుకున్నారు. దక్షిణ ప్రదేశ్ అంతకంటే నిశ్శబ్దంగా మాయమైంది.

నెల్లూరు చూపు ఎటు?

ఈ పథకం ఇక్కడివాళ్లకు రుచించే అవకాశం ముందునుంచీ తక్కువే. మద్రాసు నుంచి విడిపోవడానికి ఈ జిల్లా పెట్టిన ఖర్చు సామాన్యమైనది కాదు. ఇక్కడ మూలాలున్న పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న కన్నుమూశారు. 2008లో జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

1956లో ఆంధ్ర ముఖ్యమంత్రి కూడా ఈ జిల్లావారే. బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టి, రవీంద్రుడి రచనల్ని తెలుగులోకి తెచ్చిన బెజవాడ గోపాలరెడ్డి. ఆయన చూపు దక్షిణానికి కాదు, హైదరాబాదు వైపు. ఫిబ్రవరి 20న తెలంగాణ నేతలతో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేశారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ముఖ్యమంత్రి పీఠం మాత్రం నీలం సంజీవరెడ్డికి దక్కింది! భాష ఒకటే అయినా ఆ కలయిక 2014 జూన్ 2 వరకే నిలిచింది. ఒప్పందంలోని హామీలు అమలు కాలేదన్న కోపం తెలంగాణలో 1969లోనే రోడ్డెక్కింది. అంటే భాష కలిపినంత మాత్రాన సరిపోలేదన్నమాట.

పెద్ద రాష్ట్రాలు కుదరనిచోట మిగిలింది ప్రాంతీయ మండళ్లు. 1956 చట్టంతోనే పుట్టిన దక్షిణ మండలి 2021 నవంబరులో తిరుపతిలోనూ సమావేశమైంది. అది సలహా ఇవ్వగలదు, శాసించలేదు.

చివరికి నీళ్లే...

సంతకాలు చేయలేని పనిని కొంతవరకు కాలువ చేసింది. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలు వదులుకోవడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. శ్రీశైలం నుంచి బయల్దేరిన నీళ్లు సోమశిలకు, అక్కణ్నుంచి కండలేరుకు చేరి, తమిళనాడులోని పూండికి వెళ్తాయి. 1996లో తొలిసారి సరిహద్దు దాటాయి. తరవాత కాలువ గట్లు దెబ్బతిని నీళ్లు ఇంకిపోతుంటే, పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు మరమ్మతు చేయించింది.

దారిలో ఆవిరయ్యేవి పోను సరిహద్దుకు చేరాల్సింది 12 టీఎంసీలు. చాలా ఏళ్లలో అంత చేరలేదు. వానలు మొహం చాటేసినప్పుడు చెన్నై నుంచి ఉత్తరం వస్తుంది, ఇక్కడి రైతులు ముందు మా పొలాల సంగతి తేల్చమంటారు. ఊత్తుకోట దగ్గరి జీరో పాయింట్‌లో మాత్రం నీళ్లు వచ్చినప్పుడల్లా వాటిని కొలిచి, లెక్క రాసుకుంటారు.