సరుకు రవాణా అనుకరణ క్రీడల్లో వాస్తవికత: గోదావరి లారీ మార్గాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

లారీ నడిపే అనుభవాన్ని కంప్యూటర్ తెరపై పునఃసృష్టించే అనుకరణ క్రీడలు ‘యథార్థం’ అనే విశేషణంతోనే ప్రచారం పొందుతున్నాయి. ఆ యథార్థత వాహనానిదా, సరుకుదా అన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. పట్టిసీమ మొదలు భీమవరం వరకు గోదావరి ప్రాంతంలో లారీకెక్కే ఇసుక, అరటి, చేప, కాగితం, భారీ యంత్రాలను ప్రమాణంగా తీసుకొని, ఆటలోని ‘చేరవేత’కూ రహదారి మీది చేరవేతకూ మధ్యగల అంతరాన్ని ఇది పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అనుకరణ క్రీడలు, సరుకు రవాణా, సామాజిక వాస్తవికత, ఎగుమతి-దిగుమతి, పట్టిసీమ

ఉపోద్ఘాతం

పట్టిసీమ అనగానే గోదావరి నడుమ దేవకూట పర్వతంపై వెలసిన వీరభద్రస్వామి ఆలయం, మహాశివరాత్రినాటి పడవలు స్ఫురిస్తాయి. 2015 తర్వాత ఆ పేరుకు మరో అర్థం కూడా చేరింది. ఆ ఏడాది మార్చిలో శంకుస్థాపన జరిగిన ఎత్తిపోతల పథకం ద్వారా సెప్టెంబరు నాటికే గోదావరి జలం పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణను చేరింది. 24 పంపులతో 8,500 క్యూసెక్కుల నీటిని ఎత్తిపోయడం ఆ పథకం లక్ష్యం. దీనిపై వచ్చిన చర్చ యావత్తూ నీటి పంపకం గురించీ, వ్యయం గురించీ సాగింది. రైలు మార్గం లేని ఆ ఊరికి పంపులు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, గొట్టాలు ఎలా చేరాయన్న సంగతి ఎవరికీ చర్చనీయాంశంగా తోచలేదు. అవి రోడ్డు మీదనే వచ్చాయి. సరుకు రవాణా సహజ లక్షణం ఇదే. సక్రమంగా జరిగినంతకాలం అది కంటికి కనిపించదు.

ఇట్లా కనిపించని పనినే వినోదంగా మలచిన క్రీడాప్రక్రియ ఒకటి పాతికేళ్లుగా ప్రచారంలో ఉంది. ప్రాగ్ నగరానికి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసిన ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’, 2016లో విడుదల చేసిన ‘అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్’ వీటిలో ప్రసిద్ధమైనవి. ఇండొనేషియాలో రూపొందిన బస్సు క్రీడలో మన ఆర్టీసీ బస్సుల రంగులను అమర్చుకొని ఆడే తెలుగు యువకులు కూడా ఉన్నారు. వాహనం మనదైతే ఆట మనదవుతుందన్న భావన దీని వెనుక ఉంది. ఆ భావన ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే వాహనాన్ని కాక, అది మోసే సరుకును చూడవలసి ఉంటుంది.

వాస్తవికత: ఒక పదం, రెండు అర్థాలు

క్రీడాధ్యయన రంగంలో అలెగ్జాండర్ గాలోవే 2004లో చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. వస్తువును ఉన్నదున్నట్లు కనిపించేలా చిత్రించడం వేరు, ఆడేవాని సామాజిక జీవితానికీ ఆటలోని ప్రపంచానికీ మధ్య సారూప్యం ఉండడం వేరు అని ఆయన వాదన. మొదటిది కేవలం వాస్తవాభాస. రెండోదే సామాజిక వాస్తవికత. ఇయాన్ బొగోస్ట్ 2007లో వెలువరించిన గ్రంథంలో మరో కోణం చూపాడు. క్రీడలు మాటలతోనూ బొమ్మలతోనూ మాత్రమే కాక, తమ నియమాలతో కూడా వాదిస్తాయని ఆయన ప్రతిపాదన. ఏ తప్పుకు జరిమానా విధించాలి, ఏ పనికి ప్రతిఫలం ఇవ్వాలి, ఏ సంగతిని అసలు లెక్కలోకే తీసుకోకూడదు అని నిర్ణయించడమే ఆ వాదన స్వరూపం.

ఈ రెండు సూత్రాలనూ లారీ క్రీడలకు అన్వయిస్తే తొలి ఫలితం వాటికి అనుకూలంగానే కనిపిస్తుంది. గేరు మార్పు, బరువు పెరిగినకొద్దీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను పడే శ్రమ, మలుపులో వెనుక బండి ఊగిసలాట, వర్షంలో అద్దం మీది నీటిచుక్కలు ఎంతో శ్రద్ధతో రూపొందాయి. ఈ శ్రద్ధను తక్కువ చేయనవసరం లేదు. 1990 నాటి ‘లారీ డ్రైవర్’ చిత్ర కథానాయకుని కంటే ఈ ఆటల్లోని అనామక చోదకునికే బండి బరువు ఎక్కువగా తెలుసు.

ఆటలోని సరుకు

ఆటలో పని ఇట్లా సాగుతుంది. చోదకుడు సరుకుల జాబితాలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. దాని బరువు, గమ్యం, గడువు, కిరాయి ముందే నిర్ణయమై ఉంటాయి. బండిని ఆవరణలోకి తీసుకువెళ్లి ఒక మీట నొక్కితే సరుకు సిద్ధం. గమ్యం చేరాక బండిని కష్టమైన చోటుకు వెనక్కి నడిపి నిలిపితే అనుభవాంకాలు ఎక్కువ, సులభమైన చోట నిలిపితే తక్కువ, ఆ శ్రమే వద్దనుకుంటే అవి ఉండవు. కిరాయి తక్షణమే ఖాతాలో చేరుతుంది. ఢీకొనడం వల్ల సరుకుకు కలిగిన నష్టం శాతంగా లెక్కకు వచ్చి కిరాయి తగ్గుతుంది. ఆలస్యమైతే మరికొంత కోత పడుతుంది.

కాలం కూడా కుదించబడి ఉంటుంది. యూరోపు పటం 1:19 నిష్పత్తిలో తయారైంది. వెయ్యి కిలోమీటర్ల దూరం తెరమీద 53 కిలోమీటర్లకు లోపే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అది ఒక గంటలోపు ముగుస్తుంది. వినోదానికి ఈ కుదింపు అనివార్యం కనుక దాన్ని లోపంగా ఎంచడం న్యాయం కాదు. ఏ కాలాన్ని కుదించారు, ఏ కాలాన్ని పూర్తిగా తొలగించారు అన్నదే విచారించదగినది. ప్రయాణకాలం కుదింపుకు లోనైంది. నిరీక్షణ కాలం పూర్తిగా లోపించింది.

ఎగుమతి, దిగుమతి

నిఘంటువులో ఎగుమతి, దిగుమతి అంటే దేశాల మధ్య వ్యాపారం. గోదావరి జిల్లాల లారీ షెడ్లలో ఎగుమతి అంటే బండికి సరుకెత్తడం, దిగుమతి అంటే దించడం. ఈ రెండు మాటలకూ ఆటలో చోటు లేదు, ఎందుకంటే ఆ పని చేసే మనుషులకు చోటు లేదు. ముఠా కూలీలు, జట్టు మేస్త్రి, కాటా గుమాస్తా, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బ్రోకరు, వెనక్కి వచ్చేటప్పుడు బండి పక్కన తడుతూ దారి చూపే క్లీనరు ఎవరూ లేని నిర్జన ప్రపంచంలో ఆటలోని లారీ తిరుగుతుంది.

రావులపాలెం అరటి మార్కెట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. గెలను ఎత్తడం బలంతో కాక ఒడుపుతో జరిగే పని. అడుగున ఎండుటాకు పరచి, గెలకూ గెలకూ ఒరిపిడి లేకుండా పేర్చాలి. కోత తర్వాత కూడా కాయ శ్వాసిస్తూ వేడిని, ఇథిలీన్ వాయువును వెలువరిస్తుంది. గాలి ఆడకుండా పట్టా బిగిస్తే లోడు మధ్యలో కాయ ముందే పండుబారుతుంది. ఒక్క గీత కూడా పడకుండా నడిపిన చోదకుడు సైతం పాడైన సరుకు దించవలసి రావచ్చు. ఆటలో నష్టానికి ఏకైక కారణం తాకిడి. అంటే నష్టం ఎప్పుడూ చోదకుని తప్పే. బొగోస్ట్ చెప్పిన నియమాల వాదన ఇక్కడ స్పష్టంగా వినిపిస్తుంది.

భారత చట్టం ఈ విషయంలో భిన్నంగా ఆలోచించింది. రోడ్డు సరుకు రవాణాకు సంబంధించిన 2007 నాటి చట్టం ప్రకారం సరుకు పోయినా పాడైనా, రవాణాదారు నిర్లక్ష్యాన్ని యజమాని రుజువు చేయనవసరం లేదు. అయితే ఆ బాధ్యత రవాణాదారుది, స్టీరింగు పట్టిన వ్యక్తిది కాదు. దావాకు ముందు 180 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. నష్టం అన్నది బండి నిలిపిన క్షణంలో తేలే శాతం కాదు. నెలల తరబడి కాగితాల మీద సాగే తగవు.

రెండు గడియారాలు

గడువు విషయంలో ఆట చాలా నిక్కచ్చి. అయితే అది ఒకే గడియారాన్ని చూపుతుంది. గోదావరి లారీకి కనీసం రెండున్నాయి.

రాజమహేంద్రవరం కాగితపు మిల్లు నుంచి వెలువడే కాగితపు చుట్టలకు వర్తించేది పత్రాల గడియారం. 50,000 రూపాయలకు మించిన విలువగల సరుకుకు ఈ-వే బిల్లు అవసరం. 2018 ఏప్రిల్‌లో అంతర్రాష్ట్ర రవాణాకు ఇది అమలులోకి వచ్చినప్పుడు వంద కిలోమీటర్లకు ఒక రోజు చెల్లుబాటు ఉండేది. 2021 జనవరి నుంచి రెండువందల కిలోమీటర్లకు ఒక రోజుగా మారింది. వెయ్యి కిలోమీటర్లకు అయిదు రోజులన్నమాట. దారిలో ఇరుసు విరిగితే కాగితానికి ఏమీ కాదు, తడవనంతకాలం. బిల్లు గడువు మాత్రం దాటిపోతుంది.

భీమవరం, ఆకివీడు ప్రాంతాల నుంచి కోల్‌కతా వైపు సాగే చేపల లారీది మంచు గడియారం. పన్ను మినహాయింపు గల తాజా చేపకు ఈ-వే బిల్లుతో పని లేదు. పెట్టెల్లో చేపకూ చేపకూ మధ్య నింపిన మంచు పొడి ఎంతసేపు నిలిస్తే అంతసేపే దానికి గడువు. మంచు కరిగినకొద్దీ బండి తేలికవుతుంది, ప్రమాదం పెరుగుతుంది. మార్కెట్టు వేలం ముగిశాక చేరిన చేపకు ధర పడిపోతుంది కనుక ఆలస్యం నిర్ణీత కోతగా కాక, వేలంపాటలో తేలే అనిశ్చిత నష్టంగా పరిణమిస్తుంది. ఎవరూ నిర్ణయించని ఈ గడువే చోదకుని నిద్రను కబళిస్తుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది పని గంటలను విధించింది. యూరోపు ఆటలో అలసట ఒక మీటరు. ఇష్టం లేకపోతే దాన్ని ఆపివేసే సదుపాయం కూడా ఉంది. చేపల లారీలో సైతం ఆ మీటరును ఆపివేస్తున్నారన్నది చేదు నిజం.

బరువు: ఎంపిక లేని ఆట

పట్టిసీమ, గూటాల, తాళ్లపూడి వైపు ఏటిగట్టు మీద సాగే ఇసుక లారీ ఆటల రూపకర్తలకు ఊహకందని సమస్యను ముందుంచుతుంది. ఏటిలోంచి అప్పుడే తీసిన ఇసుక నీటితో బరువెక్కి ఉంటుంది. బండి కదిలాక నీరు కారుతూ గట్టును తడుపుతుంది. కాటా దగ్గర తూగిన బరువు, దించేచోట తూగిన బరువు ఒకటి కావు. తగ్గినది నీరా, ఇసుకా అన్న తగాదా దిగుమతి దగ్గర మొదలవుతుంది. ఆటలో బరువు ఆది నుంచి అంతం దాకా స్థిరం.

అంతకంటే ముఖ్యమైనది అధిక భారం. 2018 జులైలో కేంద్రం ఇరుసుల భార పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు అది 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు చేరింది. 2019 సవరణ ప్రకారం పరిమితి మించితే 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. అయినా ఎక్కువ లోడు ఎందుకెత్తుతారు? కిరాయి టన్నుల లెక్కన వస్తుంది, ఫైనాన్సు కిస్తీ నెలల లెక్కన వస్తుంది. ఈ రెంటి మధ్య నలిగే నిర్ణయమే లారీ యజమాని వృత్తిజీవితపు కేంద్రబిందువు. ఆటలో బ్యాంకు అప్పు ఉంది, కిస్తీ ఉంది, అమెరికా రోడ్లలో తూకపు కేంద్రాలూ ఉన్నాయి. రెండు టన్నులు అదనంగా ఎత్తుకునే వీలు మాత్రం లేదు. శోధనే లేని చోట తూకపు కేంద్రం అలంకారమాత్రం.

భారీ సరుకు విషయంలో ఆట కొంత మెరుగు. 2017 చివర విడుదలైన ప్రత్యేక రవాణా అనుబంధంలో ముందు వెనుక రక్షక వాహనాలు, నిలిపివేసిన కూడళ్లు, వింతగా చూసే జనం కనిపిస్తారు. ఇక్కడ మాత్రం మనుషులు ఉన్నారు, ప్రేక్షకులుగా. మన ఈ-వే బిల్లు నిబంధనలు పరిమాణం మించిన సరుకుకు ఇరవై కిలోమీటర్లకు ఒక రోజు ఇస్తున్నాయి. పట్టిసీమ వంటి చోటికి ట్రాన్స్‌ఫార్మరు చేర్చాలంటే వంతెనల బలం, విద్యుత్తు తీగల ఎత్తు, ఊరి మలుపుల వెడల్పు ముందుగా కొలిచి చూడాలి. కొవ్వూరు-రాజమహేంద్రవరం మధ్య 1974 నాటి రోడ్డు-రైలు వంతెనపై భారీ వాహనాలకు ఆంక్షలుండగా, 2015లో తెరిచిన నాలుగో వంతెన మీదుగా తిరిగి రావలసి ఉంటుంది. ఈ మార్గపరిశీలనే సగం పని. ఆటలో దారి ముందే గీసి ఉంటుంది.

అనుకరణ సాధ్యమైన అంశాలు

ఇంత సూక్ష్మత వినోదానికి అనవసరమన్న ఆక్షేపణ రావచ్చు. దీనికి సమాధానం ఆ ప్రక్రియలోనే ఉంది. 2020 నాటి ‘స్నో రన్నర్’ క్రీడలో ఆడేవాడే క్రేనుతో దుంగలను బండి మీదికి ఎత్తి, కట్టుకోవాలి. బురదలో బండి ఒరిగితే సరుకు దొర్లిపోతుంది. ఎగుమతి విసుగు పుట్టించదని, అదే ఆటకు ఆయువుపట్టు కాగలదని ఆ క్రీడకు లభించిన ఆదరణ నిరూపించింది. కరిగే మంచు, కారే నీరు, పండే కాయ గణనపరంగా కఠినమైనవి కావు. టైరు రాపిడిని లెక్కించగల యంత్రానికి కాలంతోపాటు తగ్గే ఒక అంకెను లెక్కించడం ఏపాటి?

కష్టమైనది వేరే ఉంది. ఎగుమతి దగ్గర అడ్వాన్సు ఇచ్చి, మిగిలిన కిరాయిని సంతకమైన రసీదు తిరిగి వచ్చాకే ఇవ్వడం లారీ వ్యాపారంలో వాడుక. శనివారం సాయంత్రం చేరిన లారీకి గోదాము తలుపు సోమవారం గాని తెరుచుకోకపోతే, ఆ రెండు రోజుల హాల్టింగు సొమ్ము ఎవరు భరించాలన్నది బ్రోకరుతో, గుమాస్తాతో, యజమానితో ఫోనులో సాగే బేరం. తిరుగు లోడు దొరకకపోతే ఖాళీ బండి డీజిలు ఖర్చు వేరే. బండి ఇంజను ఆపి, క్యాబిన్‌లో స్టవ్ వెలిగించి అన్నం వండుకుంటూ గేటు వైపు చూసే ఆ నలభై ఎనిమిది గంటలను ఏ నిష్పత్తిలో కుదించాలన్నది ఇంకా ఏ రూపకర్తా ఎదుర్కోని ప్రశ్న.