కుందేలు చెవిలో పక్కు: గులిమి కాదు, గజ్జి.. పీకినా ముప్పే, చికిత్స మధ్యలో ఆపినా ముప్పే

జంషెడ్‌పూర్: పెంపుడు కుందేలు పదేపదే తల విదిలిస్తూ, వెనుక కాలితో చెవిని గోక్కుంటూ ఉంటే చాలామంది తొలుత దానిని ఆటగానే భావిస్తారు. కొద్ది రోజులకు చెవి లోపల గోధుమ రంగు పొరలు కనిపించినప్పుడు గులిమి పేరుకుందనుకొని దూదిపుల్లతో తీయడానికి ప్రయత్నిస్తారు. నిజానికి అది గులిమి కాదు, చెవి గజ్జి. సకాలంలో గుర్తించి క్రమంగా మందు వేయిస్తే ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుంది. సొంత వైద్యానికి దిగినా, చికిత్సను మధ్యలో ఆపినా మూగజీవి ప్రాణానికే ముప్పు ఏర్పడవచ్చు.

కారణం ఏమిటి?

సొరాప్టెస్ క్యూనిక్యులై అనే మైట్ ఈ వ్యాధికి కారణం. ఇది సాలీడు, పిడుదుల వర్గానికి చెందిన సూక్ష్మ జీవి. పరిమాణం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. ఇది చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోదు. చెవి లోపలి చర్మంపైనే ఉండి అక్కడ స్రవించే ద్రవాలపై బతుకుతుంది. దీనివల్ల చర్మం వాచి, ద్రవం కారి, ఎండి, పొరలు పొరలుగా పక్కు కడుతుంది. ఆ పక్కులోనే మైట్లు, వాటి గుడ్లు, విసర్జితాలు ఉంటాయి. గుడ్డు నుంచి పెద్ద మైట్ కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది.

వాతావరణం పాత్ర

కుందేలు శరీరాన్ని వీడిన తర్వాత కూడా ఈ మైట్లు గూటిలో కొంతకాలం జీవించగలవు. పొడి వేడిలో త్వరగా నశిస్తాయి. చల్లదనం, తేమ ఉంటే మూడు వారాల వరకు బతికే అవకాశం ఉంది. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూర్‌లో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. జూన్‌లో రుతుపవనాలు ప్రవేశించాక నెలల తరబడి గాలిలో తేమ తగ్గదు. ఆ వెంటనే చలికాలం వస్తుంది. అందువల్ల వానల నుంచి చలి ముగిసే వరకు ఈ ఉక్కు నగరంలో కుందేళ్ల గూళ్లపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. తెలుగు రాష్ట్రాల తీర ప్రాంతాలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పక్కును ఎందుకు పీకరాదు?

పక్కు కింద చర్మం పచ్చిపుండులా ఉంటుంది. దానిని లాగితే కుందేలుకు తీవ్రమైన నొప్పి కలిగి రక్తస్రావం అవుతుంది. ఆ గాయం ద్వారా బ్యాక్టీరియా ప్రవేశించి మధ్య చెవికి, లోపలి చెవికి వ్యాపిస్తే కుందేలు తల ఒక పక్కకు వాలిపోయి, నిలబడలేని స్థితికి చేరుతుంది. నొప్పితో మేత మానేయడం మరో ప్రమాదం. కుందేలు జీర్ణవ్యవస్థ నిరంతరం మేతతో కదులుతూ ఉండాలి. అర రోజు ఏమీ తినకపోయినా దానిని అత్యవసర పరిస్థితిగానే పరిగణించాలి. మందు పనిచేయడం మొదలైతే వారం, పది రోజుల్లో పక్కు దానంతట అదే రాలిపోతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

పశువైద్యులు చెవిని పరిశీలించి, అవసరమైతే పక్కు తునకను సూక్ష్మదర్శినిలో చూసి వ్యాధిని నిర్ధారిస్తారు. సాధారణంగా ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ లేదా మెడ వెనుక చర్మంపై వేసే సెలమెక్టిన్ చుక్కలు వాడతారు. నొప్పి, వాపు తగ్గడానికి వేరే మందు ఇస్తారు. ఐవర్‌మెక్టిన్‌కు దారితీసిన పరిశోధనకు విలియం కాంప్‌బెల్, సతోషి ఒమురా 2015లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఈ మందు మైట్లను చంపుతుంది కానీ వాటి గుడ్లను నశింపజేయలేదు. మిగిలిన గుడ్లు పొదిగి పిల్లలు వస్తాయి కనుక పది నుంచి పద్నాలుగు రోజుల వ్యవధిలో రెండో మోతాదు, అవసరాన్ని బట్టి మూడో మోతాదు తప్పనిసరి. మొదటి ఇంజెక్షన్‌తో దురద తగ్గిందని ఊరుకుంటే వ్యాధి తిరగబెడుతుంది.

మోతాదు విషయంలో సొంత నిర్ణయం తగదు. మార్కెట్‌లో లభించే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ పశువులకు ఉద్దేశించినది; 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు దాని కొలత. రెండు కిలోల కుందేలుకు కావలసింది మిల్లీలీటరులో పదో వంతు కన్నా తక్కువ. కంటి అంచనాతో వేస్తే మోతాదు అనేక రెట్లు పెరిగిపోవచ్చు.

వాడకూడనివి

కుక్కలకు, పిల్లులకు పిడుదులు పోవడానికి వాడే ఫిప్రోనిల్ కుందేళ్లకు విషంతో సమానం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయోటిక్‌లు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను నశింపజేసి మరణానికి దారితీయవచ్చు. కిరోసిన్, కర్పూరం కలిపిన నూనె వంటి ఇంటి చిట్కాలు పచ్చిపుండును మరింత మండిస్తాయి. కర్ణభేరి దెబ్బతిని ఉంటే చెవిలో ఏ చుక్కలు వేసినా ప్రమాదమే.

గూటికీ చికిత్స కావాలి

ఒక కుందేలుకు వ్యాధి సోకితే దానితో కలిసి ఉన్న వాటన్నింటికీ, లక్షణాలు లేకపోయినా, ఒకేసారి మందు వేయించాలి. రాలిన పక్కులను, పాత గడ్డిని తీసి కాల్చివేయాలి. గూటిని వేడినీటితో కడిగి, ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ఆ సమయంలో కుందేలును నీడలోనే ఉంచాలి. 30 డిగ్రీలు దాటిన వేడిని అది తట్టుకోలేదు. చికిత్స సాగినంత కాలం ఈ శుభ్రతను కొనసాగించాలి.

నివారణ

కొత్తగా తెచ్చిన కుందేలును మూడు, నాలుగు వారాల పాటు విడిగా ఉంచి గమనించాలి. వారానికొకసారి టార్చి వెలుగులో రెండు చెవులను లోపలి దాకా చూడాలి. మేత గిన్నెలు, దువ్వెనలు ఇతరుల కుందేళ్లతో పంచుకోరాదు. గూడు నేలకు ఎత్తులో, గాలి ఆడే చోట పొడిగా ఉండాలి.

చెవి మైట్ మనుషుల శరీరంపై స్థిరపడదు. అయితే కుందేలు ముక్కు, పాదాలపై పొక్కులు వచ్చి, దానిని తాకినవారికీ దురద పుడితే అది వేరే రకం గజ్జి కావచ్చు. అప్పుడు పశువైద్యునితో పాటు చర్మ వైద్యుని సలహా కూడా తీసుకోవాలి.

జంషెడ్‌పూర్ వాసులు ప్రభుత్వ పశువైద్యశాలను సంప్రదించవచ్చు. వ్యాధి ముదిరిన పక్షంలో సుమారు 130 కిలోమీటర్ల దూరంలో రాంచీలోని కాంకేలో బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. తెలుగు రాష్ట్రాల్లో తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. తల వాలడం, మేత మానడం కనిపిస్తే మాత్రం మరుసటి రోజు కోసం వేచి ఉండరాదు.