పాఠమును సులభము చేయుట యెట్లు?

ఇటీవల మన సంఘ సభ్యులలో కొందరు తమకు తెలిసిన పనిని సెల్‌ఫోను ద్వారా నలుగురకు నేర్పి రుసుము గైకొనుచున్నారు. పుట్టగొడుగుల పెంపకము, విత్తనశుద్ధి, ఎరువుల లెక్క మొదలగు వానిపై ఆన్‌లైన్ తరగతులు నడపుట వారికి సేద్యముతోపాటు మఱియొక జీవనాధార మైనది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే వీరు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "మేము చెప్పునది సరియైనదే, అయినను వినువారు నడుమనే తరగతి విడిచిపోవుచున్నారు. చివరిదాక విన్నవారును పొలములో వేఱొకటి చేయుచున్నారు. ఏమి చేయవలెను?" ఈ ప్రశ్నకు మాకు తోచిన ఉత్తర మిచ్చట వ్రాయుచున్నాము.

వినువాడు వాడుకొను కొలతలతో, అతడు రేపు చేయవలసిన పనిగా విషయమును మార్చి చెప్పుటయే సులభము చేయుట. ఒక ఉదాహరణము చూతము. వరికి హెక్టారునకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరము, 40 కిలోల పొటాషు వేయవలెనని యొక సిఫారసు ఉన్న దనుకొందము. రైతు తన పొలమును ఎకరములలో లెక్కించును. అంగడిలో కొనునది బస్తా. కావున ఈ వాక్యమును విన్న రైతు రెండు లెక్కలు తనంతట తాను చేసికొనవలసియుండును. ఆ లెక్కలు చేసిపెట్టుట పాఠము చెప్పువాని పని.

హెక్టారనగా సుమారు రెండున్నర ఎకరములు. కావున ఎకరమునకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాషు కావలెను. డి.ఎ.పి.లో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము ఉండును. 50 కిలోల బస్తా యొకటి వేసినచో 23 కిలోల భాస్వరము, 9 కిలోల నత్రజని లభించును. తక్కిన 39 కిలోల నత్రజనికి, నూటికి 46 పాళ్లు గల యూరియా 85 కిలోలు కావలెను. అనగా 45 కిలోల బస్తాలు రెండింటికి కొంచెము తక్కువ. నూటికి 60 పాళ్లు గల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు, అనగా అరబస్తాకు కొంచె మెక్కువ. "ఎకరమునకు డి.ఎ.పి. ఒకటి, యూరియా రెండు, పొటాషు అర" అని చెప్పినచో చదువు రానివాడును మఱవడు.

అయినను జాగ్రత్త వహింపవలసిన చోటును ఇదియే. యూరియా బస్తా 2018 వఱకు 50 కిలోలుగా నుండెను; ఆ సంవత్సరమునుండి 45 కిలోలుగా వచ్చుచున్నది. గంధకపు పూత గల యూరియాలో నత్రజని నూటికి 37 పాళ్లే. కిలోలు చెప్పక బస్తాలు మాత్రమే చెప్పిన పాత పాఠమును నేడు నమ్మినవాడు రెండు బస్తాలకు 10 కిలోల యూరియా తక్కువ వేయును. చెప్పినవానికి గాని విన్నవానికి గాని ఆ లోటు తెలియదు. కావున బస్తాల ప్రక్కనే కిలోలను, ఎరువు పేరును, పాఠము వ్రాసిన సంవత్సరమును చెప్పవలెను. నేల పరీక్షను బట్టి ఈ మోతాదు మాఱునని కూడ చెప్పవలెను.

ఈ విషయములో మేమును ఒకప్పుడు తప్పు చేసితిమి. మేము పంచిన యొక కరపత్రములో అంకెలను పెద్ద అక్షరములతోను, "హెక్టారునకు" అను మాటను మూలను చిన్న అక్షరములతోను అచ్చు వేయించితిమి. ఒక సభ్యుడు దానిని ఎకరమునకని యెంచెను. నత్రజని రెండున్నర రెట్లు పడెను. పైరు నల్లగా ఏపుగా పెరిగెను. పిమ్మట దోమ పట్టెను. కోతకు ముందే చేను పడిపోయెను. ఆయన మమ్ము నిందింపలేదు. "మీ కాగితము ప్రకారమే వేసితిని" అని మాత్రము పలికెను. నింద కంటె ఆ మాటయే మమ్ము ఎక్కువగా బాధించినది.

రుసుము తీసికొని నేర్పువారికి ఇంకొక ప్రలోభము కలదు. "అయితే", "కాని" అను మాటలు తీసివేసినచో పాఠము తేలికగా వినబడును, త్వరగా అమ్ముడుపోవును. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు చల్లదనము, గాలిలో తేమ కావలెను. మన వేసవిలో ఏర్పాట్లు లేని పాకలో అవి నిలువవు. ఆ కాలమునకు పాల పుట్టగొడుగులు అనుకూలము. ఈ యొక్క షరతు చెప్పక యేడాది పొడుగునను రాబడి కలదని చెప్పిన పాఠము, విన్నవాని పెట్టుబడిని మ్రింగివేయును. నిజమునకు అతడు డబ్బిచ్చినది ఆ షరతు తెలిసికొనుటకే.

పాఠము ఎప్పుడు చెప్పవలె ననుటయు ముఖ్యమే. 1989లో ఇండోనీషియాలో వరిరైతులకై ఆరంభమైన పొలంబడి పద్ధతిలో, పంటకాల మంతయు వారమున కొకమాఱు రైతులు చేనిలో కూడి, ఆనాటి పైరును తామే చూచి నిర్ణయము చేసికొందురు. ఆన్‌లైన్ తరగతులకును ఇది వర్తించును. ఆఱు నెలల విషయమును ఒక్క సాయంకాలమున గ్రుమ్మరింపక, ఆ వారమునకు కావలసిన పనిని ఆ వారమే చెప్పవలెను. ఒక పాఠమునకు ఒక పని చాలును. పాఠము ముగిసిన పిమ్మట "అర్థమైనదా?" అని యడుగవలదు, మర్యాదకొఱకు అందఱును అయిన దందురు. "మీ పొలమునకు ఎన్ని కిలోలు వేయుదురో చెప్పుడు" అని యడుగుడు. ఉత్తరము తప్పైనచో లోపము మన మాటలో నున్నదని యెంచి, దానిని సవరించుకొనవలెను.

కావున పాఠములు చెప్పెడి సభ్యులకు మా మనవి: మీ తరువాతి పాఠమును తరగతిలో చెప్పుటకు ముందు పొరుగు రైతు నొకనిని కూర్చుండబెట్టి వినిపింపుడు. ఆయన దానిని తిరిగి తన మాటలలో సరిగా చెప్పగలిగిననాడే అది యమ్మదగిన పాఠమగును.