దాయాదుల పోరుకు తేదీ కరువు!

టెక్సస్‌లోని మన ఇళ్లలో థ్యాంక్స్‌గివింగ్ వారం వచ్చిందంటే ఇప్పుడు రెండు రంగులు కనిపిస్తున్నాయి. పెద్దవాడు ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో చదువుతుంటే ముదురు నారింజ, చిన్నమ్మాయి కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎంలో చేరితే మెరూన్. ఒకే సోఫా మీద రెండు పార్టీలు! మాస్టర్స్‌కి వచ్చిన మన తరంలో చాలామందికి ఈ ఫుట్‌బాల్ రూల్సే సరిగా తెలియవు. అయినా పిల్లల కోసం చూస్తాం, చూస్తూ చూస్తూ అలవాటు పడతాం.

ఈ రెండు కాలేజీల మధ్య దూరం దాదాపు వంద మైళ్లు. పోటీ 1894లో మొదలైంది. రెండింటి ఫుట్‌బాల్ పాటల్లోనూ ఎదుటివాళ్ల ప్రస్తావన ఉంటుంది. అలాంటిది 2012 నుంచి 2023 దాకా ఒక్కసారి కూడా ఆడలేదు. 2011 థ్యాంక్స్‌గివింగ్ రాత్రి జరిగిన 118వ మ్యాచ్‌లో జస్టిన్ టక్కర్ చివరి క్షణంలో కొట్టిన కిక్‌తో టెక్సస్ 27-25తో గెలిచింది. అంతే, తెర పడింది.

మనకు దాయాదుల పోరు అనగానే భారత్-పాక్ క్రికెట్ గుర్తొస్తుంది. అక్కడ అడ్డుపడింది రాజకీయం, ఇక్కడ టీవీ డబ్బు. కాలేజీ జట్లన్నీ కాన్ఫరెన్స్ అనే కూటముల్లో ఉంటాయి. ఎవరితో ఆడాలన్నా, ప్రసార హక్కుల సొమ్ము పంచుకోవాలన్నా కూటమిదే మాట. 2011లో టెక్సస్, ఈఎస్‌పీఎన్‌తో కలిసి సొంత చానల్ పెట్టుకుంది. 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం అది. ఏ అండ్ ఎంకు అది మింగుడుపడలేదు. మరుసటి ఏడాదే బిగ్ 12 వదిలి ఎస్‌ఈసీలో చేరింది. మ్యాచ్ జరిపించాలంటూ 2013లో టెక్సస్ శాసనసభలో బిల్లు కూడా పెట్టారు. అది చట్టం కాలేదు.

మళ్లీ కలిపింది అభిమానమా అంటే కాదు. 2024 జులైలో టెక్సస్ కూడా ఎస్‌ఈసీలోకి వెళ్లింది కాబట్టి ఆట తిరిగొచ్చింది. ఆ నవంబరులో టెక్సస్ 17-7తో గెలిచింది. 2025లో అప్పటిదాకా ఓటమే ఎరుగని ఏ అండ్ ఎంను ఆస్టిన్‌లో 27-17తో ఓడించింది. మెరూన్ ఇళ్లలో ఆ రాత్రి భోజనాలు ఎలా సాగాయో ఊహించుకోవచ్చు.

అదే రోజు టెక్సస్‌తో పాటు ఓక్లహామా యూనివర్సిటీ కూడా ఎస్‌ఈసీలో చేరింది. ఓక్లహామా స్టేట్ మాత్రం బిగ్ 12లోనే ఉండిపోయింది. దాంతో 1910 నుంచి ఏటా విడవకుండా సాగిన 'బెడ్‌లమ్' పోరు ఆగింది. 2023 నవంబరు 4న ఓక్లహామా స్టేట్ 27-24తో గెలిచిన మ్యాచే ఆఖరిది. ఒకే సంతకం ఒక పోరును బతికించి, ఇంకోదాన్ని ఆపేసింది.

కూటమి వేరైనా ఆడుకోవచ్చు కదా అని అడగొచ్చు. రెగ్యులర్ సీజన్‌లో ఉండేవి 12 మ్యాచ్‌లు. ఎనిమిదో తొమ్మిదో కూటమికే పోతాయి. మిగిలినవాటికి ఏళ్ల ముందే ఒప్పందాలు అయిపోతాయి. వాటిలోనూ సొంత గడ్డపై సులువుగా గెలిచే మ్యాచ్ ఒకటో రెండో కావాలంటారు. పాత ప్రత్యర్థికి చోటెక్కడ?

సియాటెల్ సంగతి ఇంకో రకం. 2023 ఆగస్టులో వాషింగ్టన్, ఓరెగన్ పాక్-12ను వదిలి బిగ్ టెన్ బాట పట్టాయి. బిగ్ టెన్ చేతిలో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన టీవీ ఒప్పందం ఉంది మరి. వాషింగ్టన్ స్టేట్, ఓరెగన్ స్టేట్ వెనకే మిగిలిపోయాయి. వాషింగ్టన్ జట్ల 'యాపిల్ కప్' ఆగలేదు కానీ, నవంబరు చివరి నుంచి సెప్టెంబరుకు జరిగింది. 2024లో వాషింగ్టన్ స్టేట్ 24-19తో గెలిచింది కూడా. నా మటుకు అది సగం పండగే. సీజన్ చివర్లో అయితే పక్కవాడి టైటిల్ ఆశలకు గండి కొట్టే అవకాశం ఉండేది. సెప్టెంబరులో ఆ కసి ఎక్కడిది?

జనానికి ఆసక్తి తగ్గిందా అంటే అదీ లేదు. వెంకటేశ్వరస్వామి గుడితో మనందరికీ తెలిసిన పిట్స్‌బర్గ్‌లో 2022లో 'బ్యాక్‌యార్డ్ బ్రాల్' పదకొండేళ్ల తర్వాత జరిగితే 70,622 మంది వచ్చారు. పిట్ 38-31తో వెస్ట్ వర్జీనియాను ఓడించింది.

ఫుట్‌బాల్ జట్టుకు వారానికి ఒక్కటే మ్యాచ్. నాకు బాధనిపించేది టెన్నిస్, వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల గురించి. పక్కూరి ప్రత్యర్థి అంటే బస్సెక్కి వెళ్లి రాత్రికి హాస్టల్‌కు చేరే ఆట. ఇప్పుడు యూసీఎల్‌ఏ పిల్లలు న్యూజెర్సీలోని రట్గర్స్ కూటమిలో ఉన్నారు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏకంగా అట్లాంటిక్ తీరం పేరు పెట్టుకున్న ఏసీసీలో చేరాయి. మీ అమ్మాయో అబ్బాయో కాలేజీ జట్టుకు ఎంపికైతే స్కాలర్‌షిప్ కాగితంతో పాటు గత సీజన్ షెడ్యూల్ కూడా అడగండి. వారం మధ్యలో ఆట ఎన్నిసార్లు, తిరుగు విమానం ఎన్నింటికి, తప్పిన ల్యాబ్ ఎలా సర్దుతారు అన్నవి కోచ్‌ను చేరకముందే అడగొచ్చు.