పైన 4 సరే, కింద ఎంత?

ఎలుకకు హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్ ఎక్కిస్తారు. తర్వాత దాని ప్లీహం తీసి, అందులోని కణాలను క్యాన్సర్ కణాలతో కలుపుతారు. అలా పుట్టేది హైబ్రిడోమా: త్వరగా చావదు, ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తూనే ఉంటుంది. అమెరికాలో జాక్ వాండ్స్ బృందం దగ్గర ఇలాంటివి 143 పోగయ్యాయి. అందులో 9 మాత్రమే లోతుగా పరీక్షించారు. పేటెంట్ అర్జీలో చెప్పిన లక్షణాలు 4కి ఉన్నాయి. పరీక్షించనివి నిల్వలో ఉండిపోయాయి.

పేటెంట్ ఆఫీసు 4ని 143తో భాగించింది. 2.8 శాతం. ఇంత అరుదుగా దొరికేదాన్ని అర్జీ చదివి ఎవరు చేసుకోగలరంటూ తిరస్కరించింది. 1988లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఆ 4నే 9తో భాగించి చూసింది. 44 శాతం! పరీక్షే రాయనివాణ్ణి ఫెయిల్ లెక్కలో వేయలేం కదా. వాండ్స్ గెలిచాడు.

పేటెంట్ ఒక బేరం. కొన్నేళ్లు గుత్తహక్కు ఇస్తారు. బదులుగా, ఆ విద్య తెలిసినవాడు మరీ తంటాలు పడకుండా చేసుకోగలిగేలా అంతా విప్పి రాయాలి. మన 1970 చట్టంలోని సెక్షన్ 10(4) అడిగేదీ దాదాపు ఇదే. ఎంత తంటా అయితే ‘మరీ’ అవుతుందో తూచడానికి వాండ్స్ తీర్పు 8 కొలతలు చెప్పింది. అందులో ఒకటి: ఆ రంగంలో ఫలితాన్ని ముందే ఊహించగలమా?

ఈ కొలత దగ్గరే ఉత్ప్రేరక యాంటీబాడీలకు చిక్కు. 1986లో రిచర్డ్ లెర్నర్, పీటర్ షుల్ట్జ్ బృందాలు వేర్వేరుగా వీటిని చూపించాయి. మామూలు యాంటీబాడీ పట్టుకుంటే చాలు. ఇది పట్టుకున్నదాన్ని ఎంజైమ్‌లా మార్చాలి కూడా. రసాయన చర్య మధ్యలో ఒక్క క్షణం కూడా నిలవని దశ ఒకటి ఉంటుంది. దాన్ని పోలిన, నిలకడగా ఉండే అణువును ఎలుకకు ఎక్కిస్తారు. ఆ నకలును పట్టుకునేవి బోలెడు రావచ్చు. వాటిలో పని చేసేది ఏదో పరీక్షిస్తే తప్ప తేలదు. అంటే జల్లెడలు రెండు. ఒక చర్యకు కుదిరింది కదా అని ఇంకో చర్యకు హామీ ఉండదు. అందుకే వాండ్స్ 44 శాతాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం నా దృష్టిలో కుదరని లెక్క.

కోర్టులు ఇప్పుడు ఇంకా గట్టిగా ఉన్నాయి. కొలెస్టరాల్ మందు రెపాథా చేసే ఆమ్‌జెన్, పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ను ఫలానా చోట పట్టుకుని అడ్డుకునే యాంటీబాడీలన్నీ తనవేనంది. వివరంగా రాసిచ్చినవి 26. ప్రత్యర్థి సనోఫీ మాత్రం ఆ పరిధిలో లక్షలాది ఉండవచ్చని వాదించింది. 2023 మే 18న అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఆమ్‌జెన్ వాదన కొట్టేసింది. 1895 నాటి బల్బు కేసును గుర్తుచేసింది కూడా. బల్బులో వెలిగే తీగకు నార పదార్థాలన్నీ మావేనని ఇద్దరు పేటెంట్ తీసుకుంటే, పనికొచ్చే వెదురు కోసం ఎడిసన్ 6,000కు పైగా మొక్కల పదార్థాలు వెతకాల్సి వచ్చింది.

రెపాథాలోని ఆ ఒక్క యాంటీబాడీ మీద 2011లో ఆమ్‌జెన్‌కు వచ్చిన పేటెంట్ మాత్రం ఈ గొడవలోకి రానేలేదు. అక్కడ పైన 1, కిందా 1.