ఇంజిన్‌ను చల్లబరచడం ఎందుకు? ఎలా?

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసుకొచ్చే లారీని గమనించారా? దాని ముందు భాగంలో రేడియేటర్ ఉంటుంది. పక్కనే ఆగిన మోటార్‌సైకిల్ ఇంజిన్ చుట్టూ పలకల్లాంటి రెక్కలుంటాయి. రెండిటి పనీ ఒకటే: వేడిని బయటికి పంపడం.

ఎందుకు? సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు మంట వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. అది బయటికి పోకపోతే పిస్టన్ వ్యాకోచించి బిగుసుకుపోతుంది.

గాలితో ఎలా? రెక్కల వల్ల గాలి తగిలే చోటు పెరుగుతుంది. ఫరీదాబాద్‌లో 1959లో మొదలైన ఐషర్ ట్రాక్టర్లలో చాలావాటిది ఈ పద్ధతే. ట్రాక్టర్ నడక నెమ్మది కాబట్టి ఫ్యాన్ గాలి విసురుతుంది. నీళ్లు పోయక్కర్లేదు, కారిపోతాయన్న భయమూ లేదు. కానీ పత్తి చేలో రేగే దుమ్ము రెక్కల మధ్య పేరుకుంటే వేడి లోపలే నిలిచిపోతుంది. అందుకే వాటిని శుభ్రంగా ఉంచాలి.

నీటితో ఎలా? పంపు నీటిని సిలిండర్ చుట్టూ తిప్పి రేడియేటర్‌కు పంపుతుంది. అంతే పరిమాణంలో ఉన్న గాలికంటే నీరు 3,000 రెట్లకు పైగా వేడిని మోస్తుంది. అందుకే ప్రకాశం జిల్లా మే ఎండలోనూ లారీ బరువు లాగుతుంది. జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు కూడా 1950లో గాలి పద్ధతితో మొదలై, 1980లలో నీటికి మారాయి.

ఒక్క జాగ్రత్త: వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి. ఒత్తిడిలో ఉన్న నీరు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది.